మా పెరట్లోని కాంక్రీటు జలాంతర్గామికి

అంబత్తూరు, చెన్నై

చిరంజీవి జలాంతర్గామిని దీవించి వ్రాయునది. ఇక్కడ అందరం క్షేమం. నీ క్షేమం వంటింటి కిటికీలోంచి రోజూ కనబడుతూనే ఉంది.

తప్పు నాదే. విశాఖ వెళ్ళినప్పుడు బీచ్‌లో కురుసుర జలాంతర్గామి మ్యూజియం చూద్దామన్నది నేనే. పిల్లలు ఐస్‌క్రీం అడుగుతుంటే మీ నాన్నగారు లోపల వాల్వులు లెక్కపెట్టారు.

మా సంపు కట్టించి పదకొండేళ్ళయింది, పదకొండేళ్ళుగా కారుతోంది. దాన్ని కట్టించిన మనిషే నిన్నూ కట్టిస్తున్నారు. ఆ మాటంటే, "సంపులో నీళ్ళు గోడను బయటికి తోస్తాయి, లాగితే కాంక్రీటు బీటలిస్తుంది. సముద్రం లోపలికి నొక్కుతుంది, నొక్కితే ఎంతైనా ఓర్చుకుంటుంది" అంటారు. పది మీటర్లు దిగితే చదరపు మీటరుకు 10 టన్నుల బరువు పెరుగుతుందట. పెళ్ళయిన దగ్గర్నుంచి నేనూ ఓర్చుకుంటున్నాను, నాకెవరూ ప్రొపెల్లర్ పెట్టలేదు.

నీ ఒళ్ళు చవకే. 3 మీటర్ల గుండ్రటి గుల్ల, 20 సెంటీమీటర్ల మందం, ఒక్క లారీ రెడీమిక్స్. పాప స్కూలు ఫీజు కన్నా తక్కువ. బరువు 12 టన్నులు. కానీ నువ్వు పక్కకు నెట్టే ఉప్పునీళ్ళు 14 టన్నుల పైమాటే. అంటే కాంక్రీటు ముద్దవై కూడా మునగవు! ముంచడానికి మరో రెండున్నర టన్నుల బరువు కొనాలి. మా మేస్త్రీ మాత్రం "ఇంకో నాలుగంగుళాలు వేద్దాం సార్, స్ట్రాంగ్‌గా ఉంటుంది" అన్నాడు. వేస్తే పదహారు టన్నులు దాటుతావు. మునగడం గ్యారంటీ, లేవడమే ఉండదు.

ఇల్లు గుల్లయ్యేది నీ బొక్కల దగ్గర. మూతకొకటి, కిటికీకొకటి, ప్రొపెల్లర్ షాఫ్టుకొకటి, వైర్లకొకటి. ఒక్కోదానికి స్టీలు రింగు, దానికో రబ్బరు రింగు. మూత రింగు మూడుసార్లు లేత్ ఎక్కింది. మూడోసారి ఆ షాపతను "ఏ కుక్కరుకి సార్ ఇది?" అనడిగాడు. ఆపై బ్యాటరీలు. మనం వదిలే గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ని పీల్చుకోవడానికి, ఆపరేషన్ థియేటర్లో మత్తు మిషన్‌కి వాడే సోడాలైమ్. ఇక కాశిమేడు చేపల రేవు దాకా నిన్ను మోసే ట్రైలరు, క్రేను. సముద్రానికి తట్టుకుంటావేమో గానీ, క్రేను తాడు లాగినప్పుడు బీటలిస్తావేమోనని ఆయనకి రాత్రిళ్ళు నిద్ర లేదు. నాకూ లేదు, వేరే లెక్కల వల్ల.

ఇప్పుడు నీకు క్యూరింగ్. రెండు పూటలా గోనెసంచులు తడపాలి. 2019లో జోలార్‌పేట నుంచి రైళ్ళలో నీళ్ళు తెచ్చుకున్న ఊరమ్మా ఇది!

నిన్న నీళ్ళ లారీ డ్రైవర్ నీ చుట్టూ ఒకసారి తిరిగొచ్చి, "ఎన్ని లీటర్లు పడుతుందక్కా?" అన్నాడు. తొమ్మిది వేలన్నాను. కారదు కదా అని అడిగి, సంపు మూత మూసేసి, పైపు నీ వైపు లాగాడు.

ఇట్లు,
అమ్మ