‘జీతం కోత యాజమాన్యం హక్కు’ అన్న సందేశానికి జవాబు

హైదరాబాద్ ఉద్యోగుల వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం చాలా రోజులుగా తిరుగుతోంది. కంపెనీ కష్టాల్లో ఉంటే జీతం తగ్గించడం యాజమాన్యం హక్కని, సుప్రీంకోర్టు 2020లోనే దీన్ని ఒప్పుకుందని, సాఫ్ట్‌వేర్ ఉద్యోగులకు కార్మిక చట్టాలు వర్తించవని, కాదన్నవారికి రాజీనామా ఒక్కటే దారని దాని సారాంశం. అరనిజాలు కలిసి ఉన్నందువల్లే దీన్ని నమ్మేవారు ఎక్కువ.

ముందుగా సుప్రీంకోర్టు మాట. లాక్‌డౌన్‌లో మూతపడిన సంస్థలు కూడా పూర్తి వేతనం చెల్లించాలని కేంద్ర హోం శాఖ 2020 మార్చి 29న ఉత్తర్వు ఇచ్చింది. మే 18 నుంచి దాన్ని ఉపసంహరించింది. దానిపై నడిచిన కేసులో జూన్ 12న కోర్టు, ఆ ఉత్తర్వును పాటించని యజమానులపై బలవంతపు చర్యలు వద్దని, ఆ కాలపు వేతనాల సంగతి ఇరుపక్షాలూ చర్చించుకోవాలని, కుదరకపోతే కార్మిక శాఖ అధికారులను ఆశ్రయించాలని చెప్పింది. యజమాని ఏకపక్షంగా కోత పెట్టవచ్చని అందులో లేదు. చర్చించుకోమనడమే ఏకపక్ష నిర్ణయానికి వ్యతిరేకం. అదే ఏడాది ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వాయిదా వేసిన జీతాలను, పింఛన్లను 12 శాతం వడ్డీతో చెల్లించాలని అక్కడి హైకోర్టు ఆదేశించగా, 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు వడ్డీని 6 శాతానికి తగ్గించిందే తప్ప తీసివేయలేదు. తెలంగాణ ప్రభుత్వం కూడా జీతాల్లో కోత పెట్టి, హైకోర్టులో ప్రశ్నలు ఎదురైన తర్వాత 2020 జూన్‌లో ఆర్డినెన్స్ తెచ్చుకోవలసి వచ్చింది. ఇవి ప్రభుత్వోద్యోగుల సంగతులన్నది నిజమే; అయినా సర్కారుకే చట్టం ఆసరా కావలసి వచ్చినచోట, ప్రైవేటు కంపెనీకి హెచ్‌ఆర్ పంపిన ఒక్క మెయిల్ సరిపోతుందనడం విచిత్రంగా ఉంది.

సాఫ్ట్‌వేర్ ఉద్యోగులకు చట్టాలు వర్తించవన్నది సగం పాతబడిన మాట, సగం తప్పు. పాత వేతన చెల్లింపు చట్టం నెలకు 24,000 రూపాయల వరకు జీతం ఉన్నవారికే వర్తించేది. దాని స్థానంలో 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కేంద్ర చట్టం, వేతన కోడ్‌లో ఆ పరిమితి లేదు. అది మేనేజర్లకూ వర్తిస్తుంది. జీతం నుంచి ఏయే మినహాయింపులు చేయవచ్చో అందులో జాబితా ఉంది. కంపెనీ నష్టాలు ఆ జాబితాలో లేవు. పారిశ్రామిక సంబంధాల కోడ్ ప్రకారం, వేతనం మార్చదలచిన యజమాని కార్మికులకు ముందుగా నోటీసు ఇచ్చి 21 రోజులు ఆగాలి. ఈ రక్షణ మేనేజర్లకు లేదు, ఆ మేరకు సందేశంలో నిజం ఉంది. అయితే ఎవరు కార్మికులన్నది విజిటింగ్ కార్డు మీది హోదాను బట్టి కాక, చేసే పనిని బట్టి తేలుతుంది.

అన్నిటికంటే ముఖ్యం సమ్మతి. ఒప్పందంలో మార్పుకు ఇరుపక్షాల అంగీకారం ఉండాలన్నది 1872 నాటి కాంట్రాక్టు చట్టం మాట. కంపెనీలకు ఇది బాగా తెలుసు. అందుకే మాదాపూర్‌లో శుక్రవారం సాయంత్రం వచ్చే మెయిల్ అడుగున ‘అంగీకరిస్తున్నాను’ అనే బటన్ ఉంటుంది. దాన్ని నొక్కాక, బలవంతం మీద నొక్కానని నిరూపించడం చాలా కష్టం. ఏమీ అనకుండా నెలల తరబడి తగ్గిన జీతం తీసుకున్నా, మౌనాన్ని అంగీకారంగా చూపే అవకాశం ఉంది. “పని కొనసాగిస్తున్నాను, కోతకు మాత్రం సమ్మతించడం లేదు, మిగిలిన మొత్తం నాకు బకాయిగానే ఉంటుంది” అని ఆ వారంలోనే రాతపూర్వకంగా జవాబివ్వాలి. జీతాన్ని సవరించే అధికారం యాజమాన్యానికి ఇచ్చే షరతు ఆఫర్ లెటర్‌లో ఉందేమో అంతకుముందే చూసుకోవాలి. ఉంటే వాదన బలహీనపడుతుంది.

రాజీనామా ఒక్కటే దారన్నది శుద్ధ అబద్ధం. ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లోని టి.అంజయ్య కార్మిక సంక్షేమ భవన్‌లో ఉన్న కార్మిక శాఖను ఆశ్రయించవచ్చు; వేతన బకాయిపై సివిల్ దావాకు మూడేళ్ల గడువు ఉంది. ఒప్పుకోలేదని ఉద్యోగం తీసేస్తే, తెలంగాణ దుకాణాలు, సంస్థల చట్టంలోని 47వ సెక్షన్ ప్రకారం, ఆరు నెలల సర్వీసు దాటినవారికి నెల నోటీసు గానీ నెల వేతనం గానీ ఇవ్వాలి, తగిన కారణమూ చూపాలి. అయితే ఐటీ సంస్థలకు ఈ సెక్షన్‌లోని కొన్ని నిబంధనల నుంచి ప్రభుత్వం మినహాయింపులు ఇస్తూ వచ్చింది, తమ సంస్థకు అది ఉందేమో చూసుకోవాలి.

కొందరు కంపెనీ పరిస్థితి చూసి మనస్ఫూర్తిగా ఒప్పుకుంటారు, అందులో తప్పు లేదు. కానీ కోత ఎన్ని నెలలో, ఆ మొత్తాన్ని తిరిగి ఎప్పుడిస్తారో రాయించుకోకుండా సంతకం పెట్టకూడదు. ఉద్యోగం మానేటప్పుడు సర్వీసును బట్టి ఇచ్చే గ్రాట్యుటీని చివరగా అందుకున్న వేతనం మీద లెక్కగడతారు గనుక, కోత అమల్లో ఉండగా ఉద్యోగం మానితే పూర్తి సర్వీసుకూ ఆ తగ్గిన జీతం మీదే లెక్క పడుతుంది. దానికి పాత జీతాన్నే ప్రాతిపదికగా తీసుకోవాలన్న వాక్యాన్ని కూడా ఆ కాగితంలోనే చేర్పించాలి.