మూడు గొంతుల పాటకు నలభై ట్రాకులెందుకు?

పాత వీడియో గేముల సంగీతానికి అభిమానులు చేస్తున్న రీమిక్సులు వినేకొద్దీ నాకు ఒక విషయం స్పష్టమవుతోంది. ఈ రీమిక్సులు చేసేవాళ్లలో చాలామందికి అసలు పాట మీద ప్రేమ ఉంది, నమ్మకం లేదు. ఆ పాట ఏదో లోటుతో పుట్టిందని, ఆనాటి మెషీన్లకు శక్తి చాలక అలా సన్నగా మిగిలిపోయిందని, ఇన్నాళ్లకు తాము దానికి న్యాయం చేస్తున్నామని వాళ్ల ఉద్దేశం. దాంతో నేను ఏమాత్రం ఏకీభవించను. ఆ పాటలకు తీరాల్సిన లోటేమీ లేదు.

విశాఖలో జగదాంబ, డాబాగార్డెన్స్ సందుల్లో గంట లెక్కన టీవీ గేములు ఆడించిన షాపులు గుర్తున్న తరానికి మారియో గురించి, కాంట్రా గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. ఆ తరం పిల్లలే ఇప్పుడు ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఆ పాటలకు వయొలిన్లు, కోరస్‌లు, డ్రమ్ములు తగిలిస్తున్నారు. విశాఖ కాలేజీ ఫెస్టుల్లో కీబోర్డు మీద మారియో మొదటి నాలుగు స్వరాలు పడగానే హాలంతా ఈలలు. ఆ ఈలలు పాటకా, జ్ఞాపకానికా అన్నది ఎవరూ తేల్చుకోవడం లేదు.

అసలు పాట ఎలా తయారైందో చూద్దాం. 1983లో జపాన్‌లో వచ్చిన గేమ్ మెషీన్ నింటెండో ఫామికామ్‌ చిప్‌లో ఉన్నవి ఐదు చానెళ్లు. రెండు పల్స్ చానెళ్లు మెలొడీకి, ఒక ట్రయాంగిల్ చానెల్ బేస్‌కు, ఒక నాయిస్ చానెల్ దరువుకు. ఐదోది చిన్న చిన్న రికార్డు ముక్కలు వినిపించడానికి. అంటే రాగం పలికే గొంతులు ప్రధానంగా మూడే. ట్రయాంగిల్ చానెల్‌కు వాల్యూమ్ తగ్గించే పెంచే వీలు కూడా లేదు. మోగితే మోగుతుంది, లేకపోతే లేదు. 1985 నాటి సూపర్ మారియో బ్రదర్స్ గేమ్ మొత్తం, బొమ్మలూ లెవెళ్లూ పాటలూ అన్నీ కలిపి, 40 కిలోబైట్లు. పైగా మారియో ఎగిరినా, నాణెం అందుకున్నా ఆ శబ్దం కోసం పాటలోని ఒక గొంతు క్షణంపాటు ఆగిపోవాలి. అయినా పాట తెగినట్టు మనకెప్పుడూ అనిపించలేదు. ఒక గొంతు జారినా మిగతా రెండూ మోసుకుపోయేంత గట్టిగా కోజీ కోండో ఆ బాణీ కట్టాడు. 2023లో అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ తన జాతీయ రికార్డింగుల జాబితాలో చేర్చిన మొట్టమొదటి వీడియో గేమ్ సంగీతం ఇదే. చేర్చింది ఏ ఆర్కెస్ట్రా వెర్షన్‌నో కాదు, ఈ మూడు గొంతుల పాటనే.

ఎంవీపీ కాలనీలో మాకు తెలిసినవాళ్ల అబ్బాయి ఒకడు ఇదే పాటకు తను చేసిన రీమిక్స్ వినిపించాడు. తెర మీద నలభైకి పైగా ట్రాకులు. స్ట్రింగ్స్ నాలుగు వరసలు, కోయిర్, పెద్ద జపనీస్ డ్రమ్ములు, కింద ఎక్కడా ఆగకుండా సాగే బేస్. "ఇంకో లేయర్ వేస్తే ఎపిక్‌గా ఉంటుంది అంకుల్" అన్నాడు. ఒక్కో ట్రాకూ మ్యూట్ చేస్తూ రమ్మన్నాను. కోయిర్ పోయింది, ఏం తేడా రాలేదు. డ్రమ్ములు పోయాయి, పాట కాస్త ఊపిరి తీసుకుంది. స్ట్రింగ్స్ పోయాక, సాగే బేస్ తీసేసి అసలు గేమ్‌లోని బేస్ పెట్టగానే అబ్బాయి కాలు దానంతటదే కదలడం మొదలైంది. కారణం ఉంది. ఆ పాట మొదటి భాగంలో బేస్ మెలొడీతో పాటే అడుగులు వేస్తుంది. మెలొడీ ఎక్కడ దరువుకు కాస్త ముందు పడితే బేస్ కూడా అక్కడే పడుతుంది, మెలొడీ ఆగినచోట తనూ ఆగుతుంది. ఆ ఎగుడుదిగుడు నడకే మారియో పరుగు. సాగే బేస్ వేసి, ప్రతి దెబ్బకూ కిక్ డ్రమ్ కొట్టేసరికి ఆ నడక చదునైపోయింది. పాట పెద్దదైంది, పరుగు పోయింది.

ఇది ఒక్క అబ్బాయి పొరపాటైతే వ్యాసం రాయనక్కర్లేదు. అదే గేమ్‌లో నేలమాళిగ పాట తీసుకోండి. చిన్న స్వరాల గుంపు, ఆ తర్వాత నిశ్శబ్దం. మళ్లీ గుంపు, మళ్లీ నిశ్శబ్దం. భయమంతా ఆ ఖాళీల్లోనే ఉంది. నేను విన్న రీమిక్సుల్లో దాదాపు అన్నీ ఆ ఖాళీలను డ్రమ్ములతో పూడ్చేశాయి. ఇక నీటి అడుగు లెవెల్ పాట వాల్ట్జ్, మన లెక్కలో తిశ్ర నడక. ఒకటి రెండు మూడు, ఒకటి రెండు మూడు అని ఊగుతుంది కాబట్టే తెర మీది బొమ్మ నీళ్లలో తేలుతున్నట్టు ఉంటుంది. దాన్ని డాన్స్ ఫ్లోర్ కోసం చతురశ్రంలోకి కొట్టి పెట్టినవాళ్లు ఉన్నారు. ముద్దపప్పులో గరం మసాలా కుమ్మరించి రుచి పెంచామన్నట్టుంది ఆ పని.

గేమ్ సంగీతం ఆడేవాడి చేతికి కట్టిన సంగీతం కూడా. 1978 నాటి స్పేస్ ఇన్వేడర్స్‌లో ఉన్నవి నాలుగే స్వరాలు. శత్రువులు తగ్గేకొద్దీ అవి వేగం పుంజుకుంటాయి, ఆడేవాడికి టెన్షన్ పెరుగుతుంది. మారియోలో టైమ్ 100కి పడగానే పాట పరుగందుకుంటుంది. కంట్రోలర్ లేకుండా ఇయర్‌ఫోన్లలో వినే రీమిక్స్‌కు ఈ ముడి ఉండదు. తప్పులేదు. కానీ పోయినదాని స్థానంలో ఏదో ఒకటి ఇవ్వాలి కదా. వాల్యూమ్ ఇస్తే సరిపోదు.

దీనికి ఎదురు వాదన నాకు తెలుసు. ఆ పరిమితులు కోరి తెచ్చుకున్నవి కావు, ఆర్కెస్ట్రా దొరికి ఉంటే కోండో కూడా వాడేవాడే అంటారు. 2007లో సూపర్ మారియో గెలాక్సీకి నిజంగానే ఆర్కెస్ట్రా వాడారు. టెట్రిస్ పాట స్వయంగా రీమిక్స్ కాదా అని కూడా అడుగుతారు. నిజమే, 1989 నాటి గేమ్‌బాయ్‌లో మోగింది పాత రష్యన్ జానపద గీతమే. ఈ రెండు ఉదాహరణలూ నా వైపే ఉన్నాయి. గెలాక్సీలో ఆర్కెస్ట్రా కోసం ఆర్కెస్ట్రాకు తగ్గ కొత్త బాణీలు రాశారు. టెట్రిస్‌లో ఒక జానపద గీతాన్ని చిన్న మెషీన్‌కు సరిపడా విప్పి మళ్లీ అల్లారు. రెండు చోట్లా వాయిద్యం ఏం కోరుతుందో ముందు ఆలోచించారు. ఉన్న బాణీకి పైపూత వేయడం వేరే సంగతి.

మరి మంచి రీమిక్స్ అంటే ఏమిటి? కొలత కోసం బయటికి వెళ్లనక్కర్లేదు, మన కచేరీలో నెరవు ఉంది. కీర్తనలో ఒక్క పంక్తి తీసుకుని గాయకుడు దాన్ని పదిరకాలుగా పాడతాడు. సంగతులు మారతాయి, కాలం మారుతుంది, కానీ మాట తాళంలో ఎక్కడ పడాలో అక్కడే పడుతుంది. ఎంత దూరం వెళ్లినా పంక్తి ఎముక విరగదు. రీమిక్స్ చేసేవాడికి నేను వేసే ప్రశ్న ఇదే. ఈ పాట ఎముక ఏదో నీకు తెలుసా? మారియోకు బేస్ నడక, నేలమాళిగకు నిశ్శబ్దం, నీటి లెవెల్‌కు తిశ్రం. దాన్ని పట్టుకుని ఒక్క వీణ మీద వాయించినా వింటాను. వదిలేసి నూరుమంది ఆర్కెస్ట్రా తెచ్చినా నాకు అక్కర్లేదు.

ఈ మాట ఎవరూ అనకపోవడమే అసలు జబ్బు. 1999లో మొదలైన గేమ్ రీమిక్సుల వెబ్‌సైట్ ఓవర్‌క్లాక్డ్ రీమిక్స్‌లో న్యాయనిర్ణేతల బృందం ఉంది. పంపిన పాట తీసుకోకపోతే ఎందుకు తీసుకోలేదో కారణాలు రాసి బహిరంగంగా పెడతారు. అసలు పాటను మక్కికి మక్కి దించినా ఒప్పుకోరు, గుర్తుపట్టలేనంత మార్చినా ఒప్పుకోరు. మన దగ్గర ఏం జరుగుతోంది? "గూస్‌బంప్స్ బ్రో", నాలుగు మంటల బొమ్మలు. ఒకప్పుడు విశాఖ కళాభారతి హాల్లో కచేరీ విని బయటికొచ్చిన పెద్దలు రాగం ఎక్కడ జారిందో మెట్లు దిగుతూనే చెప్పేవారు. గాయకుణ్ణి కించపరచాలని కాదు, సంగీతం మీద గౌరవంతో. మన పిల్లల చేతికి సాఫ్ట్‌వేర్ ఇచ్చాం, ఆ మాట చెప్పే మనిషిని ఇవ్వలేదు.

ఇదంతా గేముల గొడవే అనుకునేవాళ్లు మన ఉత్తరాంధ్ర పాటకు ఏమవుతోందో చూడాలి. జముకుల కథలో జముకు ఎంత చిన్న వాయిద్యం! ఒకవైపు తోలు, లోపలి నుంచి బిగించిన తీగ. దాన్ని లాగుతూ, వదులుతూ మీటుతుంటే ఆ ఒక్క తీగే ఏడుస్తుంది, కసురుతుంది, కథను రాత్రంతా నడుపుతుంది. తప్పెటగుళ్ళలో గుండెల మీద వేలాడే తప్పెట, కాళ్ల గజ్జెలు, గొంతు, అంతే. ఇప్పుడు పండగ మైకుల్లో వస్తున్న డీజే మిక్సుల్లో మొదటి నాలుగు సెకన్లు జముకు, ఆపైన ఏ ఊళ్లో విన్నా ఒకేలా మోగే బీటు. జముకు అక్కడ అలంకారం, కథ చెప్పే హక్కు దానికి లేదు. ఫామికామ్ చిప్‌కు జరిగిన అన్యాయమే జముకుకూ జరుగుతోంది. తక్కువ సరంజామాతో చేసిన కళను పేదకళగా చూసే చూపు మనలో బలంగా ఉంది. ఆ చూపుతోనే పిల్లలు మారియోను చూస్తున్నారు, ఆ చూపుతోనే మనం జముకు పాటను చూస్తున్నాం.

మన నగరంలో కాలేజీ ఫెస్టుల్లో రీమిక్స్ పోటీలు పెట్టేవాళ్లను ఒకటి కోరుతున్నాను. వచ్చే పోటీలో ఒక విభాగానికి మూడు గొంతులు, ఒక దరువు మించకూడదన్న నియమం పెట్టండి. న్యాయనిర్ణేతల్లో ఒకరు ప్రోగ్రామింగ్ తెలిసినవారు, ఒకరు కచేరీ మృదంగ విద్వాంసుడు, ఒకరు జముకు కళాకారుడు ఉండాలి. బహుమతి ఎవరికిచ్చినా, మిగతా ప్రతి పాటా ఎక్కడ తప్పిందో వేదిక మీదే, మైకులో, చేసినవాడి ఎదుటే చెప్పాలి.