మార్జాల సేవయే నిష్కామకర్మ

పిల్లల్ని కనడం మానేసి పిల్లుల్ని పెంచుకుంటున్నవాళ్ల మీద లోకం కత్తులు నూరుతోంది. 2022 జనవరిలో సాక్షాత్తూ పోప్ ఫ్రాన్సిస్ గారే, పిల్లలు వద్దనుకుని కుక్కల్నీ పిల్లుల్నీ చేరదీయడం ఒక రకం స్వార్థమని సెలవిచ్చారు. సంసారం జోలికి పోని పెద్దమనిషి కాబట్టి ఆ తీర్పు నిష్పాక్షికమనే అనుకోవాలి. మరుసటి ఏడు దక్షిణ కొరియాలో స్త్రీకి సగటున పుట్టే పిల్లల సంఖ్య 0.72కి పడిపోయింది. జనాభా తగ్గకుండా ఉండాలంటే అది 2.1 దగ్గర నిలవాలి. మధ్యలో వచ్చిన లోటునంతా పిల్లుల ఖాతాలో రాసేసినవాళ్లూ ఉన్నారు. ఇళ్ల ధరలు, చదువుల ఖర్చు, చీకటి పడ్డా వదలని ఆఫీసులు దర్జాగా బయట తిరుగుతుంటే, కిటికీలో ఎండకు పడుకున్న పిల్లి ముద్దాయి అయింది.

ఈ కేసులో మాట్లాడే అర్హత నాకుంది. నాకు ఒక కొడుకు, ఒక పిల్లి. పిలిస్తే ఇద్దరూ పలకరు. పిల్లి సంగతి శాస్త్రీయంగా కూడా రుజువైంది. 2013లో టోక్యో విశ్వవిద్యాలయం పరిశోధకులు పరీక్షించి, పిల్లులు యజమాని గొంతు గుర్తుపడతాయి, తల తిప్పుతాయి, చెవులు రిక్కిస్తాయి, లేచి మాత్రం రావు అని తేల్చారు. కొడుకుల మీద అలాంటి పరిశోధన ఎవరూ చేసినట్టు లేదు. తెలిసిన విషయానికి డబ్బు తగలెయ్యడం ఎందుకని కాబోలు.

సరే, స్వార్థం ఎవరిదో చూద్దాం. బిడ్డ ఇంకా కడుపులో ఉండగానే వాడికి మనం ఎన్ని పనులు పురమాయిస్తామో ఎప్పుడైనా లెక్కేశారా? వాడు వంశం నిలబెట్టాలి. మనకు అంతుబట్టని లెక్కలు వాడికి మంచినీళ్లలా రావాలి. మనం మధ్యలో మానేసిన సంగీతం వాడు అందుకోవాలి. ఇంట్లో నోరెత్తకూడదు, బయట మాత్రం గలగలా మాట్లాడాలి. తోడల్లుడి కొడుకు కంటే కనీసం రెండు మార్కులు ఎక్కువ తెచ్చుకుని, ఆ సంగతి మనం చెప్పుకునేటప్పుడు వినయంగా తల దించుకోవాలి. చివర్లో మన మోకాళ్లు అరిగే వేళకు చెయ్యందించాలి. వీటన్నిటికీ ఒప్పుకున్నట్టు వాడి సంతకం ఎక్కడా ఉండదు. పాతికేళ్ల తర్వాత వాడు "నన్ను కనమని నేనడిగానా?" అన్నాడంటే మాత్రం మనకు గుండె ఆగినంత పనవుతుంది.

మరి పిల్లిని ఏమడుగుతున్నాం? ఇసుక తొట్టెలో పని కానిస్తే చాలనుకుంటాం. అది కూడా నెల తిరిగేసరికి దానంతటదే నేర్చుకుంటుంది. వంశోద్ధారకుడికి అదే విద్య అబ్బడానికి రెండు మూడేళ్లు పడుతుంది, అబ్బిన రోజున చుట్టాలందరికీ ఫోన్లు వెళతాయి. పెద్దయ్యాక ఏమవుతావని ఏ పిల్లినీ ఎవరూ అడగరు. ఆపరేషన్ చేయించాం కాబట్టి మనవల ప్రసక్తి లేదు. పోనీ ఎలుకల్ని పడుతుందా అంటే, మా ఇంట్లో ఎలుక కనబడితే ముందు సోఫా ఎక్కేది అదే. తిండి పెడతాం, తొట్టె కడుగుతాం, పొద్దున్నే గుండెల మీదెక్కి కూర్చుంటే కిక్కురుమనకుండా లేస్తాం, ఫలం మాత్రం ఆశించం. నిష్కామకర్మ అంటే ఇది కాక మరేమిటి? యోగులు అడవులకు పోయి సాధించేదాన్ని మనం సోఫా బొచ్చు దులుపుతూ సాధిస్తున్నాం.

పశువైద్యుడి దగ్గర కార్డులో దాని పేరు పక్కన మా ఇంటిపేరు రాశారు. వరండాలో పదిమంది ముందు ఇంటిపేరుతో సహా కేకేస్తే, ఉలిక్కిపడి లేచి నిలబడ్డాను. వంశం పేరు నలుగురిలో వినబడాలని మా నాన్న కోరుకున్నది ఇలా కాకపోవచ్చు. అయినా ఒక్క పరీక్ష కూడా రాయకుండా అది ఆ పేరు సంపాదించుకుంది, ఇప్పటిదాకా మచ్చ తేలేదు. బుట్టలోంచి బయటికి తీయడానికి ఇద్దరు మనుషులు పట్టారన్నది వేరే విషయం.

అలాగని పిల్లి జాతికి ప్రతిభ లేదనుకోకండి. 1975లో అమెరికాలో జాక్ హెదరింగ్టన్ అనే భౌతికశాస్త్రవేత్త ఒంటరిగా పరిశోధన చేసి, అలవాటు కొద్దీ వ్యాసమంతా "మేము" అని రాసుకుపోయాడు. రచయిత ఒక్కడే అయితే "నేను" అనాలన్నారు. అది టైప్‌రైటర్ల కాలం, మొత్తం మళ్లీ కొట్టడానికి బద్ధకించి, ఇంట్లో ఉన్న సయామీ పిల్లికి ఎఫ్.డి.సి. విలార్డ్ అని పేరు తగిలించి సహరచయితగా చేర్చేశాడు. 'ఫిజికల్ రివ్యూ లెటర్స్' అనే భౌతికశాస్త్ర పత్రిక అచ్చేసింది. లండన్‌లో లారీ అనే పిల్లి 2011లో ప్రధాని నివాసంలో ఎలుకల శాఖ కొలువులో చేరి, కొత్తలో పని సరిగా చేయడం లేదని పత్రికలు దుమ్మెత్తిపోసినా చెక్కుచెదరకుండా, ఆరుగురు ప్రధానుల్ని చూసింది. ఈ ఉదాహరణలు మా పిల్లికి ఎన్నడూ వినిపించలేదు. మా వాడికైతే ఇలాంటివి అన్నం తినేటప్పుడే చెప్పేవాణ్ణి.

ఇక దిగుళ్ల సంగతి. ఇక్కడ పిల్లల తల్లిదండ్రులు మాకంటే ఎక్కువ పడుతున్నామంటారు గానీ, నేనొప్పుకోను. పిల్లాడికి కడుపునొప్పి వస్తే వీధి వీధంతా తెలుస్తుంది. పిల్లి నొప్పిని దాచుకుంటుంది, మంచం కింద దూరి మౌనవ్రతం పడుతుంది. పిల్లాడు ఒక పూట అన్నం మానేస్తే అలక. పిల్లి రెండు మూడు రోజులు ముద్ద ముట్టకపోతే కాలేయానికే ముప్పు. జ్వరమొస్తే మనం అలవోకగా మింగే పారాసెటమాల్ దానికి విషం, ఉల్లీ వెల్లుల్లీ కూడా చేటే. పూలజాడీలో ముచ్చటగా పెట్టుకున్న లిల్లీల పుప్పొడి ఒంటికంటితే, అది నాక్కుని మూత్రపిండాలు పోగొట్టుకోగలదు. ఇంతా చేసి డాక్టరు పావు మాత్ర రాసిస్తే, అది వేయడానికి తువ్వాల్లో చుట్టాలి, ఒకరు మెడ పట్టుకోవాలి, ఒకరు దవడ తెరవాలి. మింగేసినట్టే కళ్లు మూసుకుంటుంది. మర్నాడు ఊడుస్తుంటే ఆ పావు మాత్ర బీరువా కింద కాస్త తడిగా దొరుకుతుంది.

పైగా అది మనల్ని ఆడిస్తోందన్న నిజం తెలిసీ ఆడాలి. ఆకలేసినప్పుడు పిల్లులు చేసే గురగురలో చంటిబిడ్డ ఏడుపును పోలిన సన్నటి స్వరం కలిసి ఉంటుందని 2009లో ససెక్స్ విశ్వవిద్యాలయం వాళ్లు కనిపెట్టారు. అంటే మనలో ఉన్న తల్లిమనసు తలుపునే తట్టి తెరిపిస్తోందన్నమాట. మార్జాలానికి ప్రేమ లేదనేవాళ్లకు కూడా జవాబుంది. 2019లో అమెరికాలోని ఒరెగాన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో పరీక్షిస్తే, పెంచినవాళ్లు పక్కనుంటే ధైర్యంగా ఉండే పిల్లులు నూటికి 65 దాకా తేలాయి. మనుషుల పసిపిల్లల్లోనూ ఇంచుమించు అంతే. మిగిలిన 35లో మా పిల్లి ఉందా, నేనున్నానా అన్నది ఇంకా తేలలేదు.

ఇంత పవిత్రమైన నిష్కామకర్మను మా వర్గంవాళ్లే భ్రష్టు పట్టిస్తుండటం విచారకరం. పిల్లికి పుట్టినరోజట, కేకట. తీపి రుచి తెలిపే జన్యువు పిల్లుల్లో పనిచెయ్యదు, ఆ కేకు తీపో చప్పనో దానికి తెలిసే ప్రశ్నే లేదు. దానికి టోపీ, చొక్కా, ఫొటోకు నవ్వమని బతిమాలడం. "మా బుజ్జిది పేరు పెట్టి పిలిస్తే వస్తుందండీ, మీది రాదా?" అని ఒకావిడ నన్ను అడిగిన తీరు, వెనకటికి స్కూల్లో తల్లిదండ్రుల సమావేశంలో అడిగినట్టే ఉంది. ఇలాగే వదిలేస్తే రేపు పిల్లులకూ ర్యాంకులొస్తాయి. గోడ దూకడానికి కోచింగు పెడతారు. ఇప్పుడే హెచ్చరిస్తున్నాను.

అసలు పెంపకం ఎలా ఉండాలో తెలియాలంటే తల్లిపిల్లిని చూడాలి. శరణాగతిని వివరించడానికి శ్రీవైష్ణవ పెద్దలు మార్జాల కిశోర న్యాయం అన్నారు. కోతిపిల్ల తల్లిని తనే కరుచుకుని ఉండాలి, పిల్లికూన మాత్రం ఊరికే ఉంటే చాలు, తల్లే మెడ కరిచి మోసుకుపోతుంది. మనకు ఈ న్యాయం అమోఘంగా నచ్చింది. పిల్లాణ్ణి మెడ కరిచి పట్టుకుని బడి నుంచి ట్యూషన్‌కి, ట్యూషన్ నుంచి కాలేజీకి, అక్కణ్ణించి ఉద్యోగానికి, పెళ్లిపీటలకి, చివరికి వాడి కొత్త ఇంటి గోడలకు ఏ రంగు వేయాలనేదాకా మోసుకుపోతాం. అయితే వేదాంతంలో చెప్పని ముక్క ఒకటుంది. అసలు పిల్లి ఈ మోతను కొద్ది వారాలే మోస్తుంది. ఏడిళ్లు తిప్పినదే, పాలు మాన్పించే రోజులొచ్చాక కూన దగ్గరికొస్తే బుస్సుమంటుంది, వినకపోతే పంజాతో ఒకటిచ్చుకుంటుంది. దాన్నెవరూ కఠినాత్మురాలనరు. ముప్పయ్యేళ్లవాణ్ణి నోట కరుచుకుని తిరిగే మనకేమో త్యాగమూర్తులని పేరు.

మా వాడు ఇప్పుడు దూరదేశంలో ఉన్నాడు. వారానికోసారి వీడియో కాల్ చేస్తాడు. చేయగానే పిల్లిని చూపించమంటాడు. మొన్న అలాగే చూపిస్తూ, దీనికి చెయ్యిమ్మంటే చెయ్యివ్వడం నేర్పుతున్నానని చెప్పాను. బుర్ర ఉంది గానీ శ్రద్ధ లేదని, రోజూ ఒక గంట కూర్చోబెడితే పక్కింటి పిల్లిని ఇట్టే మించిపోతుందని కూడా చెప్పాను.

కాసేపు ఏమీ అనలేదు.

"దాన్నైనా వదిలెయ్ నాన్నా" అన్నాడు.