శవం ఎత్తకముందే షో మొదలైంది

మా చిత్తూరు పల్లెల్లో ఎవరైనా పోతే శవాన్ని ఎత్తేదాకా చుట్టుపక్కల ఇళ్లలో పొయ్యి వెలిగించరు. గుడిలో దీపం కూడా పెట్టరు. దానికి నోటీసు ఉండదు, బంద్ పిలుపూ ఉండదు. పోయినాయనతో పొలం గట్టు తగాదా ఉన్నవాడు కూడా ఆ పూట మడక కట్టడు. పలక మోత దూరమయ్యాకే ఊళ్లో పనులు మళ్లీ మొదలవుతాయి.

2025 నవంబర్ 21న దుబాయ్ ఎయిర్ షోలో మన తేజస్ యుద్ధ విమానం కూలి వింగ్ కమాండర్ నమాంశ్ స్యాల్ చనిపోయారు. ఆ వార్త అందరూ చూసిందే. ఎందుకు కూలిందన్నది తేల్చాల్సింది వాయుసేన విచారణ, అదే కోర్ట్ ఆఫ్ ఎంక్వైరీ. దాని మీద నాకు తొందర లేదు. నాకు మింగుడు పడనిది ఆ తర్వాత జరిగింది. కాసేపు ఆపి, ప్రదర్శన మళ్లీ మొదలుపెట్టారు. అమెరికా ఎఫ్-16 యుద్ధ విమాన బృందం, ఇంకొన్ని బృందాలు మాత్రం తమ చివరి ప్రదర్శన మానుకున్నాయి. గంటా రెండు గంటల తర్వాత మైదానం ఖాళీ అయి ఉంటుందనుకుని వెళ్తే, మైకులో వ్యాఖ్యాత హుషారుగా మాట్లాడుతూనే ఉన్నాడని, జనం చూస్తూనే ఉన్నారని ఆ అమెరికా బృందం పైలట్ తర్వాత రాశాడు.

ఆ వారం మన దేశంలో లక్షల మంది స్టేటస్‌లు పెట్టి ఉంటారు. నేనూ పెట్టాను. కానీ నా లెక్కలో అసలైన నివాళి ఎగరకుండా కూర్చున్న ఆ పైలట్లదే. నెలల తరబడి సాధన చేసిన ప్రదర్శన అది, చూడ్డానికి జనం వచ్చారు, విమానం సిద్ధంగా ఉంది. అయినా వదులుకున్నారు. మనం ఏం వదులుకున్నాం? ఆ సాయంత్రం టీ కూడా ఆగలేదు.

విన్యాసాల పైలట్లకు సంతాపం తెలపడానికి తమదైన పద్ధతి ఒకటుంది. 2019 ఫిబ్రవరి 19న బెంగళూరు యలహంకలో రిహార్సల్ చేస్తూ వాయుసేన విన్యాసాల బృందం సూర్యకిరణ్ విమానాలు రెండు ఢీకొని వింగ్ కమాండర్ సాహిల్ గాంధీ చనిపోయారు. మర్నాడే ఏరో ఇండియా విమాన ప్రదర్శన ప్రారంభం. ఆ ప్రారంభంలో వాయుసేన ‘మిస్సింగ్ మ్యాన్’ పద్ధతిలో విమానాలు నడిపింది. అంటే వరుసలో ఒక విమానం ఉండాల్సిన చోటును ఖాళీగా వదిలేసి ఎగరడం. పోయినవాడి ఫొటో లేదు, పేరు లేదు. ఆకాశంలో ఒక ఖాళీ, అంతే. కింద నిలబడినవాడి కన్ను ముందు పడేది ఆ ఖాళీ మీదే.

మనకేమో ఖాళీ అంటే భయం. తిరుపతిలో నాలుగు కాళ్ల మండపం దగ్గర గానీ, లీలామహల్ సర్కిల్‌లో గానీ ఏ ‘కన్నీటి నివాళి’ ఫ్లెక్సీ అయినా చూడండి. పైన పార్టీ పెద్దలు, పక్కన నియోజకవర్గ నాయకుడు, కింద వరసగా వార్డు కుర్రాళ్లు, కొందరు కూలింగ్ గ్లాసులతో. పోయినాయన ఎవరో తెలుసుకోవడానికి ఒకసారి నేను స్కూటర్ ఆపి వెతుక్కోవాల్సి వచ్చింది.

ఫోన్లలో జరిగేది ఇంకా ఘోరం. తేజస్ కూలుతున్న వీడియోకు విషాద సంగీతం తగిలించి, సెల్యూట్ బొమ్మలు పెట్టి తిప్పారు. కొడుకు ప్రదర్శన చూద్దామని నమాంశ్ తండ్రి యూట్యూబ్‌లో వెతుకుతుంటే ప్రమాదం వార్త కనిపించింది. ఇది ఆయనే విలేకరులకు చెప్పిన మాట. ఆ సంగతి చదివాక కూడా ఫార్వర్డ్ బటన్ నొక్కినవాళ్ల దేశభక్తి నాకు అర్థం కాదు.

షో ఆపడం అంత తేలిక కాదనేవాళ్లున్నారు. వేల కోట్ల ఒప్పందాలు, ఎక్కడెక్కడి నుంచో వచ్చిన జనం, నిర్వాహకుల బాధ్యతలు. తోటి పైలట్ పోయినా మళ్లీ ఎగరడమే ఆ వృత్తి ఇచ్చే గౌరవం అనే మాటా ఉంది. ఆ రెండో మాట అనే హక్కు పైలట్లకుంది, నేను కాదనను. టికెట్లు అమ్మేవాడికి, మైకు పట్టుకున్నవాడికి లేదు.

ఆపకపోతే మర్చిపోవడమూ తొందరే. 2010 మార్చి 3న బేగంపేట ఎయిర్ షోలో నౌకాదళం విన్యాసాల బృందం సాగర్ పవన్ విమానం బోయినపల్లి ఇళ్ల మధ్య కూలింది. కమాండర్ ఎస్.కె. మౌర్య, లెఫ్టినెంట్ కమాండర్ రాహుల్ నాయర్ చనిపోయారు. మన తెలుగు నేల మీద పోయినవాళ్లే. ఈ పేర్లు మీలో ఎందరికి గుర్తున్నాయి?

మనకి ఆగడం చేతకాక కాదు. 2021 డిసెంబర్‌లో తమిళనాడు కూనూరు హెలికాప్టర్ ప్రమాదంలో అప్పటి త్రివిధ దళాల అధిపతి బిపిన్ రావత్‌తో పాటు చనిపోయిన లాన్స్ నాయక్ సాయితేజ మనవాడే. అప్పటి చిత్తూరు జిల్లా కురబలకోట మండలం ఎగువ రేగడ. ఆయన్ని ఊరికి తెచ్చిన రోజు దారి పొడవునా జనం పనులు వదిలి నిలబడ్డారు.

ఇక దుబాయ్ సంగతి ఎందుకు, మన తిరుపతి సంగతి చూద్దాం. 2025 జనవరి 8 రాత్రి వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల కోసం నిలబడి తొక్కిసలాటలో ఆరుగురు చనిపోయారు. సేలం నుంచి, విశాఖ నుంచి స్వామిని చూద్దామని వచ్చినవాళ్లు. 10వ తేదీన అనుకున్నట్టే ద్వారం తెరుచుకుంది, అనుకున్నట్టే వీఐపీలు వెళ్లారు. స్వామి సేవ ఆగకూడదంటారు. సేవ ఆపమని ఎవరన్నారు? 2020లో కరోనా వచ్చినప్పుడు రెండున్నర నెలలు భక్తులకు దర్శనం లేదు, సేవలన్నీ ఏకాంతంగా జరిగాయి. అదే 2025 సెప్టెంబర్ 7న చంద్రగ్రహణం వస్తే తిరుమల గుడి తలుపులు దాదాపు 12 గంటలు మూశారు. గ్రహణం పట్టినా మూయని గుడి మన పక్కనే శ్రీకాళహస్తిలో ఉంది, అది వేరే కథ. కొండ మీద మాత్రం తలుపులు మూశారు, అన్నప్రసాదమూ ఆపారు. సర్దుకోవాల్సినవాళ్లందరూ సర్దుకున్నారు. గ్రహణానికి దర్శనాలు ఆగాయి కదా, ఆరు శవాలు లేచేదాకా వీఐపీ దర్శనాలు ఒక్క పూట ఆగి ఉంటే స్వామి వద్దనేవాడా?