తేలిక రైఫిల్‌లో మ్యాగ్నమ్ తూటా: ఎల్క్ వేటకు కొత్తవాళ్లకిచ్చే తప్పుడు సలహా

అమెరికాలోని కొలరాడోలో సెప్టెంబరు వచ్చిందంటే చాలు, ఎల్క్ (పెద్ద జాతి దుప్పి) వేట రైఫిల్ సీజన్‌కు సిద్ధమవుతున్న కొత్తవాళ్లందరి చెవిలో ఒకే మాట పడుతుంది. "ఎల్క్ కోసం కొండెక్కుతున్నావా? ఆరు పౌండ్ల తేలిక రైఫిల్ కొను, .300 విన్‌చెస్టర్ మ్యాగ్నమ్‌లో కొను. అంతకన్నా చిన్న తూటాతో ఎల్క్‌ను కొట్టడమంటే దాన్ని హింస పెట్టడమే." దుకాణంలో ఇదే, వీడియోల్లో ఇదే, ఇక్కడ కొత్తగా వేట లైసెన్సు తీసుకున్న మన తెలుగువాళ్లు ఒకరికొకరు చెప్పుకునేదీ ఇదే. (వీసా మీద ఉన్నవాళ్లు ముందు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. హెచ్1బి లాంటి వీసా మీద ఉండి, వేట లైసెన్సు లాంటి మినహాయింపు లేకుండా తుపాకీ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ నేరం.)

ఆ మాటలో జంతువు మీద దయ ఉన్నట్టు కనిపిస్తుంది కాబట్టి ఎవరూ ఎదురు చెప్పరు. నేను చెబుతాను, ఎందుకంటే ఈ సలహా విని ఒక ఎల్క్‌ను పాడు చేసినవాణ్ణి నేనే.

ఒక మాట ముందే స్పష్టం చేస్తాను. ఇక్కడ తూటా అంటే కేసు, మందు, గుండు అన్నీ కలిసిన కార్ట్రిడ్జ్. గుండు అంటే గొట్టంలోంచి బయటికి పోయేది. మ్యాగ్నమ్ అంటే మందు ఎక్కువ పట్టే, బలమైన తూటా. తూటానూ గుండునూ కలిపేయడంతోనే సగం గందరగోళం మొదలవుతుంది.

"ఎల్క్ మొండిది, చిన్న తూటాకు పడదు" అంటారు. మొండిదే, కాదనను. పెద్ద మగ ఎల్క్ 700 పౌండ్లు తూగుతుంది. కానీ కొలరాడో చట్టం ఎల్క్‌కు అడుగుతున్నది ఏమిటి? కనీసం .24 క్యాలిబర్ (గుండు వ్యాసం అంగుళాల్లో), 85 గ్రెయిన్ల (గుండు బరువు కొలత) గుండు, 100 గజాల దగ్గర 1000 అడుగు-పౌండ్ల శక్తి. 7 ఎం.ఎం–08 రెమింగ్టన్ అనే మామూలు తూటాలో 140 గ్రెయిన్ల గుండు 300 గజాల దగ్గర కూడా సుమారు 1500 అడుగు-పౌండ్లతో తగులుతుంది. ఎల్క్‌కు 1500 ఉండాలన్నది మ్యాగ్నమ్ వాళ్లే చెప్పే లెక్క. స్వీడన్‌లో ఎల్క్ కన్నా పెద్దదైన మూస్‌ను నూరేళ్లకు పైగా 6.5×55 అనే చిన్న తూటాతో వేటాడుతున్నారు. మనకు బాగా తెలిసిన పేరు జిమ్ కార్బెట్. చంపావత్ ఆడపులిని చంపినందుకు 1907లో ఆయనకు బహుమతిగా ఇచ్చిన రైఫిల్ .275 రిగ్బీ. అంటే 7×57 మౌజర్ తూటానే. నేటి 7 ఎం.ఎం–08 గుండు వ్యాసం అదే, శక్తి కూడా ఇంచుమించు అంతే.

ఇంతకీ ఎల్క్‌ను పడగొట్టేది గుండు ఎలా తయారైందన్నదే. 1946లో జాన్ నోస్లర్ అనే వేటగాడు కెనడాలో ఒక మూస్‌ను కొడితే గుండు లోపలికి దిగకుండా పైపైనే చితికిపోయింది. ఆయన చేతిలో ఉన్నది చిన్న తూటా కాదు, .300 హెచ్ అండ్ హెచ్ మ్యాగ్నమ్. ఆయన ఇంటికొచ్చి ఇంకా పెద్ద రైఫిల్ వెతుక్కోలేదు. నడుమ అడ్డుగోడ ఉండే గుండు తయారుచేశాడు. 1948 నుంచి అమ్ముతున్న నోస్లర్ పార్టిషన్ అదే. మెత్తటి గుండు అతివేగంతో దగ్గర్లో ఎముకకు తగిలితే ముక్కలైపోతుంది. పార్టిషన్‌గానీ పూర్తి రాగి గుండుగానీ మామూలు వేగంతో వెళ్లినా భుజం ఎముక దాటి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పెట్టెకు కాస్త డబ్బు ఎక్కువ పెట్టాల్సింది ఇక్కడ.

"కొండల్లో దూరాలెక్కువ, మ్యాగ్నమ్ గుండే తిన్నగా పోతుంది" అన్నది రెండో మాట. రెండు రైఫిళ్లనూ 200 గజాల దగ్గర గురి చూసిన చోటే తగిలేలా సరిచేసి చూడండి. 300 గజాల దగ్గర .300 మ్యాగ్నమ్ గుండు దాదాపు 7 అంగుళాలు కిందికి దిగితే, 7 ఎం.ఎం–08 గుండు 8 అంగుళాలు దిగుతుంది. 400 గజాల దగ్గర తేడా నాలుగు అంగుళాలు. ఎల్క్ గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు నిలువునా అడుగుకు తక్కువ ఉండదు. పైగా ఇప్పుడు ప్రతివాడి మెడలో దూరం కొలిచే రేంజ్‌ఫైండర్ ఉంది, దూరం తెలిశాక ఆ నాలుగు అంగుళాలు స్కోప్‌లో గురి సరిచేసే మూడు నాలుగు క్లిక్కులు. ఇంకోటి. అట్టపెట్టె మీద రాసే మ్యాగ్నమ్ వేగం 24 అంగుళాల గొట్టంతో కొలిచింది. బరువు తగ్గించడానికి గొట్టం 20 అంగుళాలకు కోసేస్తే, డబ్బు పోసి కొన్న ఆ వేగంలో కొంత మూతి దగ్గర మంటగా పోతుంది.

ఎత్తుకు వెళ్లేకొద్దీ శక్తి ఎక్కువ కావాలనే వాదన అయితే పూర్తిగా తలకిందులు. పదివేల అడుగుల దగ్గర గాలి సముద్ర మట్టం కన్నా సుమారు నాలుగో వంతు పల్చన. గుండును ఆపే గాలి తగ్గితే ప్రతి గుండు వేగం ఎక్కువ దూరం నిలుస్తుంది, చిన్నదైనా సరే.

ఇక నన్ను బాధపెట్టే మాట: "పెద్ద తూటా అయితే దెబ్బ కాస్త అటూ ఇటూ అయినా కవర్ చేస్తుంది." నా మొదటి సీజన్‌లో నేను దీన్ని నమ్మాను. 220 గజాల దూరంలో ఆడ ఎల్క్, పక్కకు తిరిగి కదలకుండా నిలబడింది. నా చేతిలో స్కోప్‌తో కలిపి ఏడు పౌండ్ల .300 మ్యాగ్నమ్. పేలిన క్షణంలోనే తెలిసింది, తప్పింది. అది ఒళ్లు వంచి, నెమ్మదిగా నడుచుకుంటూ చెట్లలోకి పోయింది. రాలిన ఆస్పెన్ ఆకుల మీద నెత్తురు చుక్కలు, వాటిలో నలిగిన గడ్డి, పచ్చటి రసం. కడుపులో తగిలిందన్నమాట. చీకటి పడేదాకా, మర్నాడు మధ్యాహ్నం దాకా వెతికాం. దొరకలేదు. 180 గ్రెయిన్ల గుండు, అంత మందు, ఏమీ కవర్ చేయలేదు. పొట్టలో తగిలిన దెబ్బ ఏ తూటాతోనైనా పొట్టలో తగిలిన దెబ్బే.

ఎందుకు తప్పిందో ఆ తర్వాతి వారం తెలిసింది. మా జట్టులో నెల్లూరు నుంచి వచ్చి ముప్పయ్యేళ్లుగా ఇక్కడే ఉంటున్న అన్న ఒకాయన నన్ను షూటింగ్ రేంజ్‌కు తీసుకెళ్లాడు. రైఫిల్ ఆయనే నింపి నా చేతికిస్తున్నాడు. మూడోసారి, నాకు చెప్పకుండా, డమ్మీ తూటా (మందు లేని ఉత్తుత్తి తూటా) పెట్టాడు. ట్రిగ్గర్ నొక్కాను. టిక్కుమంది. పేలని ఆ రైఫిల్ మూతి బెత్తెడు కిందికి దిగి పక్కకు తిరిగింది, నా భుజం దానంతటదే ముందుకు తోసింది. "చూశావా తమ్ముడూ, పేలకముందే కళ్లు మూసేస్తున్నావు" అన్నాడు. ఆయన గొంతులో కోపం లేదు. అదే ఎక్కువ కష్టంగా అనిపించింది.

"జంతువు ఎదురుగా ఉంటే రైఫిల్ వెనక్కి తన్నే తన్ను తెలియదు" అని చెప్పేవాళ్లకు నా జవాబు ఇదే. నిజమే, ఆ క్షణంలో నొప్పి తెలియదు. కానీ రేంజ్‌లో కాల్చిన ప్రతి గుండుతోనూ ఒళ్లు నేర్చుకున్న భయం ఆ క్షణంలోనే పనిచేస్తుంది. లెక్క వేసి చూడండి (ఇక్కడి అంకెల పేర్లన్నీ తూటాల రకాలే). స్కోప్‌తో కలిపి ఏడు పౌండ్ల రైఫిల్‌లో .300 మ్యాగ్నమ్ సుమారు 34 అడుగు-పౌండ్లతో వెనక్కి తన్నుతుంది. తొమ్మిది పౌండ్ల పాతకాలపు .30-06 అయితే 20. అదే ఏడు పౌండ్లలో .308 అయితే 18 పైచిలుకు, 7 ఎం.ఎం–08 అయినా 6.5 క్రీడ్‌మోర్ అయినా 16కు లోపే. సగానికన్నా తక్కువ. రైఫిల్ బరువు తగ్గించుకున్నప్పుడు తూటా కూడా తగ్గించుకోకపోతే ఆ బరువంతా భుజం మీదే పడుతుంది. పైకి ఏటవాలుగా పడుకుని కాల్చినప్పుడు స్కోప్ అంచు కనుబొమ్మను చీల్చడం ఎన్నిసార్లో చూశాను.

"మజిల్ బ్రేక్ పెట్టుకుంటే సరి" అంటారు, అంటే గొట్టం మూతికి బిగించి తన్ను తగ్గించే పరికరం. తన్ను తగ్గుతుంది, ఒప్పుకుంటాను. కానీ మామూలు వేట రైఫిల్ శబ్దమే 160 డెసిబెల్‌ల దగ్గర ఉంటుంది. చెవికి ఒక్క పేలుడుతో హాని జరగడానికి 140 చాలు. బ్రేక్ ఆ శబ్దాన్ని వెనక్కి, మీ చెవి వైపు, పక్కనున్న స్నేహితుడి చెవి వైపు తిప్పుతుంది. కొండమీద ఎల్క్ కనబడగానే చెవులకు రక్షణ పెట్టుకునేవాళ్లు ఎందరు? పోయిన వినికిడి తిరిగి రాదు.

మ్యాగ్నమ్ అవసరమే లేదని నేను అనను. 500 గజాలు దాటాక, అడ్డగాలిలో, బరువైన పొడుగాటి గుండు వేగంగా పోవడం వల్ల నిజమైన లాభం ఉంది. ఏడాది పొడుగునా సాధన చేసేవాడు, తొమ్మిది పౌండ్ల రైఫిల్ మోయడానికి సిద్ధపడినవాడు నిశ్చింతగా వాడొచ్చు. అలాస్కాలో గోధుమ ఎలుగుబంట్లు తిరిగే చోట లెక్కే వేరు. ఈ సలహా ఇస్తున్నది మాత్రం వాళ్లకు కాదు. ఏడాదికి ఒక పెట్టె తూటాలు కాల్చి, అక్టోబరులో అయిదు రోజులు సెలవు పెట్టి కొండెక్కేవాడికి.

అలాంటివాళ్లు కొనేముందు ఒక పని చేయండి. ఇరవై తూటాలు, ఎనిమిది అంగుళాల పేపర్ ప్లేట్లు కొన్ని, స్నేహితుల దగ్గర అడిగి తెచ్చుకున్న రెండు రైఫిళ్లు, ఒకటి మ్యాగ్నమ్, ఒకటి 7 ఎం.ఎం–08 లేదా .308. బల్ల మీద ఆనించి కాల్చొద్దు. నేల మీద కూర్చుని, బ్యాక్‌ప్యాక్ మీద ఆనించి, కొండ మీద కాల్చినట్టే కాల్చండి. వందగజాలతో మొదలుపెట్టి యాభై చొప్పున వెనక్కి జరగండి, మధ్యమధ్య మీకు తెలియకుండా ఒక డమ్మీ తూటా పెట్టమని పక్కవాళ్లకు చెప్పండి. గొట్టం చల్లగా ఉన్నప్పుడు పేల్చిన మొదటి గుండును వేరే రంగుతో గుర్తుపెట్టుకోండి, సీజన్‌లో మీకు దొరికేది సాధారణంగా అదొక్కటే. ఏ రైఫిల్‌తో ప్లేటు దాటిపోకుండా ఎక్కువ దూరం వెళ్లగలిగారో, ఆ రైఫిల్ కొనండి.