సేవను నడిపే మనిషికి జీతం ఇవ్వాలి

ఎవరో పెద్దాయన పుట్టినరోజు వస్తుంది. టెంట్లు వేస్తారు, మైకు పెడతారు, మధ్యాహ్నానికల్లా వందల మంది కుర్రాళ్లు చొక్కా చేతులు మడిచి రక్తం ఇస్తారు. మంచి పనే. కానీ ఆ రక్తంలోంచి వేరుచేసిన ప్లేట్‌లెట్లు 5 రోజులకు మించి నిలవ ఉండవు. ఎర్రకణాలైనా 42 రోజులు దాటితే పనికిరావు. ఒకసారి రక్తమిచ్చాక మగవాళ్లు 3 నెలలు, ఆడవాళ్లు 4 నెలలు ఆగాలి. అంటే తెలిసినవాళ్లందరి చేతా ఒకే రోజు ఇప్పించేస్తే, ఆ నిలవ అయిపోయే సమయానికి వాళ్లలో ఒక్కరు కూడా మళ్లీ ఇచ్చే స్థితిలో ఉండరు. ఎండాకాలం మరీ కష్టం. కాలేజీలకు సెలవులు, శిబిరాలు తక్కువ. తలసీమియా ఉన్న పిల్లకు సెలవులుండవు కదా, రెండు మూడు వారాలకోసారి రక్తం ఎక్కించక తప్పదు. మన్యం నుంచో, ఒడిశా సరిహద్దు ఊరి నుంచో విశాఖ కేజీహెచ్ ఆసుపత్రికి పిల్లను తెచ్చుకున్న తండ్రి, ఎవరో ఇచ్చిన నంబర్లకు వరసగా ఫోన్ చేస్తూ మెట్ల మీద కూర్చుంటాడు.

రక్తమిచ్చిన కుర్రాళ్ల మంచితనంలో లోపం లేదు. వాళ్ల పేరు, బ్లడ్ గ్రూపు, చివరిసారి ఇచ్చిన తేదీ రాసి పెట్టుకుని, "బాబూ, నువ్వు ఈ నెల వద్దు, ఏప్రిల్ ఆఖర్లో రా" అని చెప్పే మనిషి లేడు. ఆ మనిషి గురించే మేము ఇవాళ రాస్తున్నాం.

సేవా సంస్థల్లో ఈ పనికి వాలంటీర్ కోఆర్డినేటర్ అని పేరు. కొన్ని దేశాల్లో ఇది నేర్చుకుని చేసే ఉద్యోగం, పరీక్ష రాసి సర్టిఫికెట్ తెచ్చుకునే వీలు కూడా ఉంది. వాలంటీర్లను నడిపించే వాళ్ల కోసం 1999లో మొదలైన ఒక అంతర్జాతీయ దినోత్సవం ఇప్పుడు ఏటా నవంబర్ 5న జరుగుతోంది. సరిగ్గా నెల తర్వాత, డిసెంబర్ 5న, వాలంటీర్ల దినోత్సవం. దాన్ని ఐక్యరాజ్యసమితి 1985లో నిర్ణయించింది. డిసెంబర్ 5న మన ఊళ్లో శాలువాలు కప్పుతారు, ఫొటోలు తీసుకుంటారు. నవంబర్ 5 మాత్రం ఎవరికీ గుర్తురాకుండా వెళ్లిపోతుంది.

విశాఖలో చాలా చిన్న సంస్థలు ఎలా నడుస్తాయో మా విలేకరులు రోజూ చూస్తూనే ఉంటారు. సంస్థ పెట్టినాయనే అన్నీ. పగలు తన ఉద్యోగం, రాత్రి పదకొండింటికి వాలంటీర్ల మెసేజ్‌లకు జవాబులు. ఆదివారం ఆర్కే బీచ్ శుభ్రం చేద్దామని వాట్సాప్ గ్రూపులో పెడితే ఎనభై మంది "వస్తాం అన్నా" అంటారు. తెల్లారి ముప్పై మంది వస్తారు. వాళ్లలో సగం మంది అదే మొదటిసారి. ఎవరిని అడగాలో తెలియదు, గ్లౌజులు అందరికీ చాలవు, పగిలిన సీసా ముక్కలు చేత్తో తీయకూడదని చెప్పేవాళ్లుండరు. అరగంట నిలబడి, గ్రూప్ ఫొటో దిగి వెళ్లిపోతారు. పై ఆదివారం రారు. ఈ కాలం పిల్లలకు ఓపిక లేదని నిర్వాహకులు నిట్టూరుస్తారు. మేము ఒప్పుకోం. పని చేద్దామని నిద్ర మానుకుని వచ్చిన పిల్లకు పని చూపించకపోవడం ఆ పిల్ల తప్పు కాదు.

ఈ మాట అన్నప్పుడల్లా ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది. సేవ చేయడానికి మేనేజర్ ఏంటి, వాడికి జీతం ఏంటి? మనసుంటే చాలదా? ఈ ప్రశ్న అడిగేవాళ్లు చాలామంది మంచివాళ్లే, తమ జేబులోంచి ఖర్చు పెట్టేవాళ్లే. వాళ్లను మన పెళ్లిళ్లలో పంక్తి భోజనాలు ఒకసారి గుర్తు చేసుకోమంటాం. వడ్డించేది బంధువుల పిల్లలు. ఎవరికీ కూలి లేదు, అందరికీ ఉత్సాహమే. అయినా వంటల దగ్గర ఒక పెద్దాయన భుజాన తువ్వాలు వేసుకుని నిలబడతాడు. ఆయన ఒక్క విస్తరిలోనూ ఏమీ వడ్డించడు. ఆ చివరి వరసకు పప్పు రాలేదు, నెయ్యి గిన్నె ఆ అమ్మాయికివ్వు, సాంబారు వేడిగా ఉంది చిన్నపిల్లల చేతికివ్వొద్దు అని చెబుతూ ఉంటాడు. ఆయన లేని పెళ్లిలో మొదటి రెండు వరసలకు బూరెలు మూడేసి పడతాయి, చివరి బంతికి అన్నం, పెరుగు మిగులుతాయి. పెళ్లి ఒక్కరోజు కాబట్టి ఆయనకు జీతం అక్కర్లేదు. ఏడాది పొడవునా రోజూ అలా నిలబడే మనిషి ఇల్లు ఎలా గడుస్తుంది?

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను మన ఊరి మీద పడింది. గంటకు సుమారు 180 కిలోమీటర్ల గాలి. కరెంటు లేదు, ఫోన్లు లేవు, ఏ రోడ్డు చూసినా పడిపోయిన చెట్లే. ఆ తర్వాతి రోజుల్లో ఈ ఊరు చూపించిన మంచితనాన్ని మేము ఎప్పటికీ మరచిపోలేం. కాలేజీ పిల్లలు రంపాలు పట్టుకుని దిగారు, బయటి జిల్లాల నుంచి, హైదరాబాద్ నుంచి వ్యాన్లలో తిండి, నీళ్లు తెచ్చారు. అయితే పొట్లాలు తెచ్చిన వ్యాను లారీ తిరిగే రోడ్డు మీదే ఆగుతుంది. సందు లోపల, చెట్టు అడ్డం పడిన చోట, మంచం దిగలేని ముసలమ్మ ఉన్న ఇంటికి చేరదు. పెద్ద విపత్తు వచ్చిన ప్రతి ఊళ్లోనూ జరిగేది ఇదే. ఒక వీధికి మూడు సంస్థలు వెళ్తాయి, పక్క వీధికి ఎవరూ వెళ్లరు. ఏ వీధిలో ఎన్ని ఇళ్లు, ఎవరు ఎటు వెళ్లారు అని ఒకచోట రాసుకునే మనిషి తుపాను వచ్చాక పుట్టుకురాడు. ముందే ఉండాలి, సంస్థల మధ్య ముందే పరిచయం ఉండాలి.

సాయానికి వెళ్లినవాళ్లకే ప్రమాదం రావచ్చన్నది 2020 మే 7న ఇంకా కఠినంగా తెలిసింది. ఆర్.ఆర్. వెంకటాపురం దగ్గర తెల్లవారుజామున స్టైరీన్ వాయువు లీకై కనీసం 12 మంది చనిపోయారు. రోడ్ల మీద కుప్పకూలిన వాళ్లను ఎత్తుకుని పరుగెత్తినవాళ్లు కూడా అదే గాలి పీల్చారు. ఆ రోజు ఎవరినీ తప్పుపట్టలేం. వాళ్లు ఆలోచించుకుంటూ ఆగి ఉంటే ఇంకొన్ని ప్రాణాలు పోయేవి. కానీ ఇన్ని రసాయన పరిశ్రమలు, రిఫైనరీ, పోర్టు ఉన్న ఊళ్లో గాలి ఎటు వీస్తుందో చూసుకోవడం, తడిగుడ్డ ముక్కుకు కట్టుకోవడం, ఎక్కడి దాకా వెళ్లి ఆగాలో తెలుసుకోవడం వాలంటీరుకు నేర్పించాలి. నేర్పించే బాధ్యత ఒకరి పేరు మీద రాసి ఉండాలి.

నేర్పితే ఎలా ఉంటుందో మన తీరం మీదే చూడొచ్చు. చలికాలం ఆఖరి నుంచి ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఇసుకలోకి వస్తాయి. అటవీ శాఖ గుడ్లను తీయించి హేచరీలలో పెట్టిస్తుంది. చూడ్డానికి తేలిక పని. కానీ తెల్ల టార్చి వేస్తే తల్లి తాబేలు గుడ్లు పెట్టకుండానే వెనక్కి వెళ్లిపోవచ్చు. గుడ్డును తీసేటప్పుడు తిప్పకూడదు, తిరగబడితే లోపలి పిండం చనిపోయే ప్రమాదం ఉంది. సుమారు 50 రోజులకు పిల్లలు బయటికొస్తాయి, వెలుగు ఎటు ఎక్కువుంటే అటు నడుస్తాయి. సెల్‌ఫోన్ ఫ్లాష్ వేసి ఫొటో తీసేవాడు వాటిని సముద్రం వైపు కాకుండా బీచ్ రోడ్డు వైపు పిలుస్తున్నట్టే. ఈ నాలుగు సంగతులూ చెప్పడానికి గంట చాలు. ఆ గంట చెప్పించుకున్న ఇరవై మంది, చెప్పించుకోని రెండు వందల మంది కంటే ఆ తాబేళ్లకు మేలు చేస్తారు.

మన రాష్ట్రంలో ఇంకో చిక్కు కూడా ఉంది. వాలంటీర్ అనే మాటకే అర్థం మారిపోయింది. 2019 నుంచి కొన్నేళ్లు నెలకు 5 వేల గౌరవ వేతనంతో ప్రభుత్వ పథకాలు ఇంటికి చేర్చినవాళ్లే జనం దృష్టిలో వాలంటీర్లు. ఆ వ్యవస్థ మీద రాజకీయ వాదనలు వేరే, వాటి జోలికి ఇక్కడ వెళ్లం. అందులో ఒక్క లెక్క మాత్రం సేవా సంస్థలు గమనించాలి. ఒక మనిషికి 50 ఇళ్లు. ఏ ఇళ్లు ఎవరివో ఆ మనిషికీ తెలుసు, ఆ ఇళ్లవాళ్లకూ తెలుసు. మహాత్ముడి శతజయంతి ఏడాది, 1969లో మొదలైన కాలేజీ విద్యార్థుల సేవా పథకం ఎన్‌ఎస్‌ఎస్‌లోనూ ఇలాంటి కొలతే ఉంది. ఒక యూనిట్‌కు సుమారు వంద మంది విద్యార్థులు, వాళ్లకు ఒక ప్రోగ్రామ్ ఆఫీసరు, ఏడాదికి 120 గంటల సేవ. మాస్టారు పట్టించుకున్న కాలేజీలో ఆ యూనిట్ ఊరికి కళ్లలా పనిచేస్తుంది, పట్టించుకోని చోట రిజిస్టరులో మాత్రమే ఉంటుంది. పిల్లలు రెండు చోట్లా ఒకలాంటివాళ్లే.

చట్టం సంగతి కూడా సంస్థలు తేలిగ్గా తీసుకుంటున్నాయి. పని ప్రదేశంలో మహిళలపై లైంగిక వేధింపుల నిరోధానికి 2013లో వచ్చిన చట్టం ఉద్యోగి అనే మాటకు ఇచ్చిన నిర్వచనంలోనే స్వచ్ఛందంగా పనిచేసేవాళ్లు కూడా ఉన్నారు. పదిమంది, అంతకు మించి పనిచేసే చోట అంతర్గత కమిటీ ఉండి తీరాలి. మన సేవా సంస్థల్లో వాలంటీరుగా చేరిన ఎంతమంది అమ్మాయిలకు ఈ సంగతి ఎవరైనా చెప్పారు? ఇక సాయంత్రం బస్తీలో పిల్లలకు ట్యూషన్ చెప్పే కుర్రాడి దగ్గర ఒక పాప తనకు జరిగిన దారుణం చెప్పుకుందనుకోండి. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం ఆ విషయం పోలీసులకు తెలపడం అతని బాధ్యత, దాచితే శిక్ష ఉంది. పందొమ్మిదేళ్ల కుర్రాడు. ఆ రాత్రి అతను టెన్షన్‌తో ఎవరికి ఫోన్ చేయాలి? ఆ నంబరు ఎవరిదో తెలియని సంస్థ పిల్లల మధ్యకు వాలంటీర్లను పంపకూడదు. మేము ఈ మాట చాలా గట్టిగా అంటున్నాం.

డబ్బు దగ్గరికి వద్దాం, అసలు ముడి అక్కడే ఉంది. దాతలు బియ్యానికి ఇస్తారు, పుస్తకాలకు ఇస్తారు, అంబులెన్సుకు తమ పేరు రాయించుకుని ఇస్తారు. కోఆర్డినేటర్ జీతానికి అనగానే అది ఆఫీసు ఖర్చు అంటారు. విదేశీ విరాళాల చట్టం 2020 సవరణతో పరిపాలనా ఖర్చుల పరిమితి 50 శాతం నుంచి 20 శాతానికి తగ్గింది. అప్పటి నుంచి చాలా సంస్థలు జీతం అనే మాట ప్రతిపాదనలో రాయడానికే భయపడుతున్నాయి. ఇటు 2013 కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టాలి. అలాంటి కంపెనీలు విశాఖ చుట్టూ ఎన్నున్నాయో చెప్పక్కర్లేదు. అవి ఒక శనివారం ఉద్యోగులను టీషర్టులతో తీసుకొచ్చి మొక్కలు నాటిస్తాయి. జూలైలో నాటిన మొక్కకు మార్చిలో నీళ్లు ఎవరు పోస్తారో ఆ ప్రణాళికలో ఉండదు. ప్రతి ప్రాజెక్టు ఖర్చులోనే, విత్తనాలూ ఎరువుల పక్కన, వాలంటీర్లను నడిపే మనిషి జీతం ఒక పద్దుగా రాయాలని మేము కోరుతున్నాం. ఆ మనిషి పని ప్రాజెక్టులో భాగం. ఆఫీసులో ఫ్యాను కరెంటు బిల్లుతో దాన్ని కలపడం తప్పు లెక్క.

మనుషులు దొరకరన్న బెంగ ఈ ఊరికి అక్కర్లేదు. స్టీల్ ప్లాంటు, పోర్టు, నేవీ, రిఫైనరీల నుంచి రిటైరైన వాళ్లు మర్రిపాలెం నుంచి ఎంవీపీ కాలనీ దాకా ప్రతి వీధిలో ఉన్నారు. మూడు షిఫ్టుల్లో వందల మందిని నడిపిన ఫోర్‌మన్, స్టోర్సు లెక్కలు ముప్పై ఏళ్లు చూసినాయన, వార్డులో నర్సులకు డ్యూటీలు వేసిన హెడ్ నర్సమ్మ. సేవ చేస్తామని వీళ్లు వస్తే మనం చేతికి చీపురిస్తున్నాం. చీపురు పట్టడం వాళ్లకు నామోషీ కాదు, కానీ వాళ్ల చేతిలో ఉన్న విద్య మనకు దక్కకుండా పోతోంది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో సోషల్ వర్క్ చదువుకున్న యువతీ యువకులు బతుకుతెరువుకు వేరే ఉద్యోగాల్లోకి వెళ్లిపోతున్నారు. అక్కడా, గంభీరంలోని ఐఐఎంలోనూ వాలంటీర్ల నిర్వహణ మీద ఒక చిన్న కోర్సు పెడితే చేరేవాళ్లున్నారు. చిన్న సంస్థలు విడివిడిగా జీతం ఇవ్వలేకపోతే నాలుగు సంస్థలు కలిసి ఒకరిని పెట్టుకోవచ్చు.

గిరి ప్రదక్షిణ రోజున సింహాచలం అప్పన్న కొండ చుట్టూ 32 కిలోమీటర్ల దారిలో మజ్జిగ, మంచినీళ్లు పంచే వేల చేతులను చూసిన ఊరు ఇది. మనసుల కొరత మనకు ఎప్పుడూ లేదు. 2026ను ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ వాలంటీర్ల సంవత్సరంగా ప్రకటించింది. ఆ పేరుతో ఇంకో సభ పెట్టే ముందు, నగరంలోని ప్రతి సంస్థ తన వచ్చే ఏడాది బడ్జెట్ కాగితం తీసి, ఈ ఒక్క జీతం పద్దు అందులో ఉందో లేదో చూసుకోవాలి. లేకపోతే చేర్చాలి. దాతలు ఆ పద్దును కొట్టేస్తే ఆ కాగితం మా కార్యాలయానికి పంపండి. ఎందుకు కొట్టేశారని వాళ్లను మేము అడుగుతాం, వాళ్లు చెప్పిన జవాబును ఇదే పేజీలో అచ్చువేస్తాం.