నేరాల పటం గారికి ఒక అద్దెదారు విన్నపం

ఏ పేటలో ఎంత నేరమో తెర మీద రంగుల్లో చూపు మహారాజశ్రీ నేరాల పటం గారి సముఖమునకు, అద్దె ఫ్లాటు కోసం వెతుకుతున్న ఒక సామాన్యుడు నమస్కరించి వ్రాసుకొను విన్నపము.

ఉభయకుశలోపరి. ఇక్కడ మేము క్షేమం. అయితే ప్రస్తుతం మేముంటున్న పేటను తమరు ముదురు ఎరుపులో ముంచి ఉంచారు కనుక, ఈ క్షేమం తమ అనుమతి లేకుండానే సాగుతున్నదని ముందుగా మనవి చేసుకోవడం మర్యాద అనిపించింది.

మహానగరంలో ఇల్లు మారదలచుకున్నవాడికి తమరు ఎంతటి ఆసరాయో చెప్పనలవి కాదు. బ్రోకరును అడిగితే కమీషను వచ్చే ప్రతి పేటా ప్రశాంతమైనదే. ఓనరును అడిగితే ఆయన ఇల్లు కట్టిన నాటి నుంచి ఆ వీధిలో కుక్క కూడా గట్టిగా మొరిగిన దాఖలా లేదు. తెలిసినవారిని అడిగితే తాము ఉంటున్న నాలుగు వీధులు తప్ప తక్కిన నగరమంతా దొంగలదే. ఇందరు సాక్షుల నడుమ తమరొక్కరే ఏ ప్రతిఫలమూ ఆశించకుండా, ఎవరి ముఖమూ చూడకుండా, పచ్చ, పసుపు, ఎరుపు అనే మూడు రంగులతో లక్షలాది మంది బతుకుల మీద తీర్పు చెప్పి ఊరుకుంటారు. తీర్పుకు కారణాలు రాయవలసిన బాధ్యత న్యాయమూర్తులకు ఉంటుంది గాని తమకు లేదు. అందుకే కాబోలు, జనానికి తమ మీద అంత గురి.

ఆ గురితోనే నేనూ తమ ఎదుట చాలా రాత్రులు కూర్చున్నాను కనుక, కొన్ని సందేహాలు విన్నవించుకునే చనువు తీసుకుంటున్నాను.

మొదటిది తమ రంగుల నిలకడ గురించి. నాకు నచ్చిన ఫ్లాటు ఉన్న వీధిని తెర మీద పెద్దది చేసి చూస్తే పచ్చగా ఉంది. కాస్త చిన్నది చేయగానే పక్క వార్డుతో కలిసి పసుపైంది. ఇంకొంచెం చిన్నది చేసేసరికి ఎర్రబారింది. ఈలోగా ఆ వీధిలో ఏ నేరమూ జరగలేదు, నా వేళ్ళు కదలడం తప్ప. నేరాలను సూచించే ఒకే చుక్కలను వేర్వేరు హద్దుల్లో పోగేసి కూడితే వేర్వేరు జవాబులు వస్తాయన్నది భూగోళ శాస్త్రజ్ఞులకు ఎప్పటి నుంచో తెలిసిన చిక్కే. తమరు మాత్రం ఆ సంగతి ఎరగనట్టు, ఏ హద్దులో చూసినా అంతే ధీమాగా మెరిసిపోతుంటారు.

ఇక తమ భాగహారం. నేరాల సంఖ్యను అక్కడ నివసించే జనాభాతో భాగించి, లక్ష మందికి ఇన్ని అని తమరు ప్రకటిస్తారు. రైల్వే స్టేషనూ, పెద్ద ఆసుపత్రీ, బజారూ ఉన్న నగరం నడిబొడ్డున కాపురముండేవారు కొద్దిమంది, రోజంతా అక్కడికి వచ్చిపోయేవారు వేలాది మంది. పర్సులు పోగొట్టుకునేది వచ్చిపోయేవారైతే, ఆ పాపం మూటగట్టుకునేది పై అంతస్తులో తలుపు వేసుకుని పడుకున్న నలుగురు కాపురస్థులు. ఈ లెక్కన ఎవరూ నివసించని ప్లాట్‌ఫారం మీద ఒక్క సంచి పోయినా అక్కడి ప్రమాదం అనంతం కావాలి. సున్నాతో భాగించే సాహసం గణితశాస్త్రానికి లేకపోయినా తమకు ఉన్నట్టే కనిపిస్తున్నది.

చుక్కలు వాలే చోటు గురించీ ఒక మాట. లాస్ ఏంజలస్ పోలీసులు ప్రజల ముందుంచిన నేరాల పటాన్ని 2009లో అక్కడి పత్రికవారు పరిశీలిస్తే, నగరం మొత్తం మీద నేరాలు కిక్కిరిసిన చోటు సాక్షాత్తూ పోలీసు ప్రధాన కార్యాలయానికి కూతవేటు దూరంలో ఉన్నట్టు తేలింది. దొంగలకు అంత ధైర్యం వచ్చి కాదు. చిరునామా అంతుపట్టని ప్రతి కేసునూ కంప్యూటరు తీసుకెళ్ళి ఆ ఒక్క చోటే పడవేస్తూ వచ్చింది. ఇంగ్లండ్, వేల్స్‌లలో 2011 నుంచి ప్రజలకు అందుబాటులో ఉన్న వీధి పటాల్లో చుక్క పక్కకు జరగడం పొరపాటు కూడా కాదు, పాటించే పద్ధతి. బాధితుల గుట్టు బయటపడకుండా ప్రతి నేరాన్నీ దగ్గరలో ముందే ఎంచి పెట్టిన ఒక బిందువు మీదికి మార్చి చూపిస్తారు. ఆ బిందువు పరిధిలో కనీసం 8 చిరునామాలు ఉండాలి, లేదా ఒక్కటీ ఉండకూడదు. బాధితుల కోసం ఆ మాత్రం జాగ్రత్త అవసరమే, నేను తప్పుపట్టను. కాని ఆ చుక్క నేను చూసి వచ్చిన ఫ్లాటు గుమ్మం మీద వాలినప్పుడు, అది పక్క సందులోంచి వచ్చి వాలినదై ఉండవచ్చునని ఒక్క ముక్క చెబితే తమ పరువుకు వచ్చే లోటేమిటో నాకు అర్థం కాదు.

ఇప్పుడు అసలు అభియోగానికి వస్తాను. నేరశాస్త్రజ్ఞుడు లారెన్స్ షెర్మన్, ఆయన సహచరులు అమెరికాలోని మినియాపొలిస్ నగరంలో పోలీసులకు వచ్చిన ఫోన్ కాల్స్‌ను పేటల వారీగా కాకుండా చిరునామాల వారీగా లెక్కగట్టి, ఆ ఫలితాలను 1989లో ప్రచురించారు. నగరంలోని చిరునామాల్లో సుమారు 3 శాతం చోట్ల నుంచే సగం కాల్స్ వచ్చాయి. ఆ తరువాత డేవిడ్ వైస్‌బర్డ్ ప్రభృతులు వేరే నగరాల్లో చేసిన పరిశోధనలూ ఇంచుమించు అదే మాట చెప్పాయి: నేరం పేటంతా పలచగా పరుచుకోదు, కొన్ని మూలల్లో పోగుపడుతుంది. ఎక్కడో ఒక బారు, కాపలా లేని ఒక పార్కింగ్ స్థలం, వీధి తలుపుకు తాళం పడని ఒక భవనం ఉంటాయి. వాటి చుట్టూ ఏడాది పొడవునా గొడవే. చెడ్డపేరు మోసిన పేటలో కూడా మిగిలిన వీధులు చాలావరకు నిక్షేపంగా ఉంటాయి. కాబట్టి, నేను బస్సు దిగి గుమ్మం చేరేలోగా ఆ 3 శాతంలోది ఏదైనా దారిలో తగులుతుందా అన్నదే నాకు కావలసిన సమాచారం. తమరు ఏం చేశారయ్యా అంటే, ఆ ఒక్క బారు పాపాన్ని చుట్టుపక్కల వీధులన్నిటికీ సమానంగా పంచిపెట్టారు. అంతే ఔదార్యంతో, పచ్చరంగు పేటలో మూడిళ్ళ అవతల పాడుబడి తలుపులు ఊడిన భవనాన్ని కప్పిపుచ్చారు. ఆ పచ్చదనాన్ని నమ్మి ఎక్కువ అద్దె చెల్లించేవారికి ఆ భవనం ఉచితంగా వస్తుంది.

పైగా తమ దగ్గరికి చేరేవి ఫిర్యాదైన నేరాలు మాత్రమే. అమెరికాలో ఏటా కుటుంబాలను నేరుగా అడిగి నేరబాధితుల లెక్క తీసే జాతీయ సర్వే ప్రకారం, ఇటీవలి సంవత్సరాల్లో హింసాత్మక నేరాల్లో సగానికి పైగా పోలీసుల దాకా వెళ్ళనే లేదు. ఫోన్ చేస్తే ఎవరైనా వస్తారన్న నమ్మకం ఉన్న చోట సైకిలు పోయినా చుక్క పడుతుంది. ఫిర్యాదు వల్ల తిప్పలే తప్ప ఫలితం లేదని తీర్మానించుకున్న చోట తల పగిలినా పడదు. గస్తీ పెంచిన చోట కేసులు ఎక్కువ నమోదవుతాయి, కేసులు ఎక్కువయ్యాయని గస్తీ మళ్ళీ పెరుగుతుంది, రెంటికీ సాక్ష్యంగా తమరు మరికాస్త ఎర్రబడతారు. అందరూ నోరు మూసుకున్న పేటను తమరు స్వచ్ఛమైన పచ్చరంగుతో సత్కరిస్తారు.

తమ తెర మీద ఇళ్ళ పైకప్పులు ఎప్పుడూ నిర్దోషంగా కనిపిస్తాయి. ఐక్యరాజ్యసమితి అంచనాల ప్రకారం 2023లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 51,100 మంది స్త్రీలు, బాలికలు భాగస్వామి చేతిలోనో, కుటుంబసభ్యుల చేతిలోనో హతమయ్యారు; ఆ ఏడాది హత్యకు గురైన స్త్రీలు, బాలికలలో వీరు దాదాపు 60 శాతం. ఒంటరిగా అద్దెకు దిగే అమ్మాయికి తమరు సందు చివరి చీకటిని చూపించి భయం నేర్పుతారు గాని, ఈ సంఖ్యకు ఏ వీధిలోనూ రంగు వేయలేరు. రోడ్ల సంగతి సరేసరి. 2021లో ప్రపంచం మొత్తం మీద రోడ్డు ప్రమాదాల్లో చనిపోయినవారు సుమారు 11.9 లక్షల మంది, అదే ఏడాది హత్యల్లో చనిపోయినవారు సుమారు 4.58 లక్షల మంది. జీబ్రా గీతలు చెరిగిపోయి, సిగ్నలు లేని కూడలి దాటించి రోజూ పిల్లలను బడికి పంపవలసిన ఫ్లాటుకు తమ లెక్కలో ఏ రంగు పడుతుందని అడగను. పచ్చే పడుతుంది.

తమ వంశ చరిత్ర ఎత్తితే నొచ్చుకుంటారని తెలుసు. అయినా ఎత్తక తప్పదు. 1930లలో అమెరికా ప్రభుత్వ గృహరుణ సంస్థ రెండు వందలకు పైగా నగరాలకు పటాలు గీయించి, పేటలను ఆకుపచ్చ, నీలం, పసుపు, ఎరుపు రంగులుగా విడగొట్టింది. ఎరుపు అంటే అప్పు ఇవ్వడం ప్రమాదకరం అని భావం. నల్లజాతివారు నివసించే పేటలకు దాదాపు అంతటా ఆ రంగే దక్కింది. రంగు కాగితం మీద ఆరిపోయినా మనుషుల కళ్ళలోంచి పోలేదనడానికి షికాగో సాక్ష్యం ఉంది. రాబర్ట్ శాంప్సన్, స్టీఫెన్ రాడెన్‌బుష్ అనే పరిశోధకులు 2004లో ప్రచురించిన అధ్యయనంలో, వీధుల్లోని చెత్తనూ, గోడల మీది రాతలనూ, పగిలిన అద్దాలనూ ఒకవైపు విడిగా నమోదు చేసి, మరోవైపు అక్కడివారిని మీ పేట ఎంత అస్తవ్యస్తంగా ఉందని అడిగారు. కంటికి కనిపించే అస్తవ్యస్తత ఒకే స్థాయిలో ఉన్నప్పటికీ, నల్లజాతివారూ పేదలూ ఎక్కువగా ఉన్న పేట మరింత చెడిపోయినట్టు జనానికి తోచింది. ఇల్లు చూడటానికి వెళ్ళినవాడు ‘ఏరియా ఎందుకో తేడాగా ఉంది’ అని పెదవి విరిచే ముందు, ఆ తేడా వీధిలో ఉందో తన చూపులో ఉందో తనను తాను ప్రశ్నించుకోవలసిన అవసరం ఇక్కడ ఉంది. తమరు ఆ అవసరం లేకుండా చేశారు; అనుమానానికి అంకెల చొక్కా తొడిగి పెద్దమనిషిని చేశారు. 2021 డిసెంబరులో అమెరికాలోని రియల్టర్ డాట్ కామ్ అనే ఇళ్ళ వేదిక తన పటాల్లోంచి నేరాల పొరను తీసివేసింది. రెడ్‌ఫిన్ అనే మరో సంస్థ అసలు ఆ సమాచారమే పెట్టబోమని చెప్పింది. ఇళ్ళు అమ్ముకునేవారికి పుట్టిన సంకోచం తమకు ఎప్పుడు పుడుతుందో చూడాలి.

తమ దాయాదులంతా ఇలాగే ఉన్నారని అనను. 2013లో ఢిల్లీలో మొదలైన సేఫ్టీపిన్ అనే యాప్ పోలీసు కేసుల జోలికి పోకుండా, దీపాలున్నాయా, నడిచే దారి ఉందా, చుట్టూ మనుషులున్నారా, వారిలో స్త్రీలు కనిపిస్తున్నారా, బస్సో రైలో దగ్గరలో ఉందా అని చోటు చోటునా అడిగి నమోదు చేస్తుంది. ఇవన్నీ కళ్ళతో చూసి చెప్పగలిగినవి. పోలీసులకంటే ముందు వీధి మీద ఉండే కళ్ళే వీధిని కాస్తాయని నగరాల గురించి రాసిన అమెరికన్ రచయిత్రి జేన్ జేకబ్స్ 1961లోనే వాదించింది. న్యూయార్క్‌లోని ప్రభుత్వ గృహసముదాయాల్లో 2016లో లాటరీ పద్ధతిన ఎంచిన చోట్ల అదనపు దీపాలు నిలిపి చూస్తే, ఆరుబయట రాత్రిపూట జరిగే తీవ్ర నేరాలు సుమారు 36 శాతం తగ్గాయి. దీపం వెలుగుతున్నదో లేదో తెలుసుకోవడానికి తమ దర్శనం అవసరం లేదు. చూసిన ఫ్లాటుకు రాత్రి పొద్దుపోయాక మరోసారి వెళ్ళివస్తే చాలు. ఆ వెలుగు వాహనాల మీద పడుతున్నదా, నడిచేవారి ముఖాల మీద పడుతున్నదా, వీధి తలుపు తనంతట తాను మూసుకుని తాళం పడుతున్నదా, లేక ఎవరో ఇటుకను అడ్డుపెట్టి వెళ్ళారా, తపాలా పెట్టెల మూతలు విరిగి ఉన్నాయా, సెల్లార్ మూలలో ఏముంది, కెమెరా తీగ దేనికైనా కలిపి ఉందా లేక ఊరికే గోడకు అలంకారమా అన్నవన్నీ ఆ ఒక్క రాత్రిలో తేలతాయి. లిఫ్టులో కలిసిన అద్దెదారును ‘ఇక్కడ భయమేమీ లేదు కదా’ అని అడిగితే లేదనే అంటారు. ‘రాత్రి ఆలస్యమైతే మీరు ఏ దారిన వస్తారు’ అని అడిగితే, ముఖ్యంగా రాత్రి డ్యూటీ చేసి వచ్చే ఒక స్త్రీని అడిగితే, తమ రంగులన్నీ కలిపినా ఇవ్వలేని సమాధానం వస్తుంది. ఆవిడ వచ్చే దారీ, వృద్ధుడు నడవగలిగే దారీ, నేను విజిలు వేసుకుంటూ వచ్చే దారీ ఒకటి కాకపోవచ్చు. తమ దగ్గర మాత్రం ముగ్గురికీ ఒకే రంగు.

కావున తమరు వెంటనే పదవి నుంచి తప్పుకోవాలని కోరేంత దురాశ నాకు లేదు. ప్రతి చుక్క కిందా అది ఏ నేరమో, ఏ వేళ జరిగిందో, ఎంత దూరం జరిపి చూపించారో, ఎందరితో భాగించారో నాలుగు ముక్కలు రాయించండి. ఆరుబయట జరిగిన దోపిడీకీ, నిలిపి ఉంచిన కారు అద్దం పగలడానికీ ఒకే రంగు వేయడం మానండి. ఖాళీగా ఉన్న చోట పచ్చరంగు వేయకుండా, ‘ఇక్కడి నుంచి మాకు కబురు అందలేదు’ అని నిజం చెప్పండి.

ఇట్లు,
తమ రంగుల కింద నివసించు,
ఒక అద్దెదారు

తా.క. ఫ్లాటు దాదాపు ఖరారైంది. తమ ప్రకారం అది పసుపు. మెట్ల దగ్గర బల్బు వేయించి, పాత అద్దెదారుల దగ్గర తాళంచెవులు మిగిలి ఉంటాయి కనుక తలుపు తాళం మార్పించాకే అడ్వాన్సు ఇస్తానని ఓనరుకు చెప్పాను. అంత భయపడవలసిన పని లేదని నచ్చజెబుతూ ఆయన తమ పటాన్నే తెరిచి చూపించారు.